నలుపు తెలుపుల జపాన్ చిత్రం: అది అక్షరమా, బొమ్మా?

జపాన్ చిత్రకారిణి షినోదా తోకో చిత్రం ముందు నిలబడినవారికి సాధారణంగా మూడు సందేహాలు వస్తాయి. ఇది జపాన్ అక్షరమా, అయితే ఏమని రాసి ఉంది అన్నది మొదటిది. 1950ల నాటి అమెరికన్ చిత్రాల్లా ఉందే, ఎవరిని చూసి ఎవరు వేశారన్నది రెండోది. మూడోది పైకి అనడానికి మొహమాటపడేది: నాలుగు నల్లగీతలకు ఇంత పేరెందుకు?

మూడూ న్యాయమైన ప్రశ్నలే. చిక్కంతా వాటికి దొరికే జవాబులతోనే. ఒకరు ఇదంతా జెన్, అంటే ధ్యానానికి పెద్దపీట వేసే బౌద్ధ శాఖ, ప్రభావమంటారు. ఇంకొకరు అమెరికా అనుకరణ అంటారు. మరొకరు అమెరికావాళ్లే జపాన్ నుంచి ఎత్తుకుపోయారని వాదిస్తారు. ఒక్కో జవాబులో కొంత నిజం ఉంది. కానీ ఒక చిత్రకారుడి విషయంలో సరిపోయింది పక్క చిత్రకారుడి దగ్గరకు వచ్చేసరికి సరిపోదు. అందుకే సిద్ధాంతాల జోలికి పోకముందు, ఈ చిత్రాలు దేనితో తయారవుతాయో చూడటం మేలు.

ఎవరీ షినోదా తోకో

షినోదా 1913లో, అప్పట్లో జపాన్ ఆధీనంలో ఉన్న చైనా రేవు నగరం దాలియన్‌లో పుట్టారు. ఆరేళ్ల వయసు నుంచే తండ్రి ఆమె చేత కుంచెతో అక్షరాలు దిద్దించారు. టోక్యోలో పెట్టిన తొలి ప్రదర్శనకు వచ్చిన మెప్పు అంతంతమాత్రమే. సంప్రదాయం తెలిసిన పెద్దలు ఆమె రాతను వేళ్లు లేని మొక్క అన్నారు. యుద్ధం ముగిశాక అక్షరాలను దాటి నైరూప్య చిత్రాల వైపు వచ్చారు. 2021 మార్చి 1న 107 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వందేళ్లు దాటాక కూడా కుంచె పట్టారు.

నైరూప్య చిత్రమంటే మనిషినో చెట్టునో ఇంటినో పోల్చుకునేలా చూపించని చిత్రం. అందులో గీత గీతగానే, రంగు రంగుగానే ఉంటుంది. షినోదా చిత్రాల్లో సాధారణంగా వెడల్పాటి నల్లటి పట్టీలు, వాటి పక్కన వెంట్రుకలాంటి సన్నగీతలు, మధ్యలో నీరు కలిసిన బూడిదరంగు పొరలు కనిపిస్తాయి. అక్కడక్కడ చిన్న సింధూరపు మరక ఉంటుంది. నేల, అంటే గీతల వెనకుండే తలం, తెల్లకాగితం కావచ్చు, వెండిరేకు అతికించిన పలక కావచ్చు.

ఆ నలుపు ఎక్కడి నుంచి వస్తుంది

జపాన్ సంప్రదాయ సిరాను సుమి అంటారు. పైన్ కట్టెను గానీ, నువ్వులు, ఆవాల జాతి గింజల నూనెను గానీ కాల్చి మసి పడతారు. పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన జిగురుతో ఆ మసిని పిసికి, అచ్చుల్లో నొక్కి, నెలల తరబడి ఆరబెడతారు. అలా తయారైన కడ్డీలకు నారా నగరం పేరుపొందింది. వాడేముందు రాతిపలక మీద నాలుగు చుక్కల నీళ్లు వేసి, మనం గంధం తీసినట్టు కడ్డీని అరగదీస్తారు. ఎంతసేపు అరగదీస్తే అంత చిక్కదనం. పైన్ మసి కాస్త నీలివైపు, నూనె మసి కాస్త గోధుమవైపు మొగ్గుతాయి. పలుచన చేసినప్పుడే ఆ తేడా బయటపడుతుంది. బయటి నుంచి చూసేవారికి ఒకే నలుపు, పని తెలిసినవారికి డజను నలుపులు.

ఇక కాగితం. సిరాను వెంటనే పీల్చుకునే చేతితయారీ కాగితం మీద కుంచె ఆగితే సిరా చుట్టూ పాకుతుంది. వేగంగా లాగితే, కుంచెలో తడి తగ్గితే, గీత చీలి మధ్యలో తెల్లటి చారలు మిగులుతాయి. పాకినచోట చెయ్యి నెమ్మదించింది, చీలినచోట పరుగెత్తింది. గీతలో వేగం అలా నమోదైపోతుంది. తైలవర్ణంలో లాగా గీకేసి మళ్లీ వేసే వీలు ఇక్కడ లేదు. నచ్చకపోతే ఆ కాగితం పక్కన పెట్టి కొత్తది తీసుకోవలసిందే.

రెండు గీతలు ఒకదాన్నొకటి దాటేచోటు కళ్లు దగ్గర పెట్టి చూడదగ్గది. పలుచని సిరాతో గీసినప్పుడు అక్కడొక వింత జరుగుతుంది: ముందు గీసిన గీతే పైన ఉన్నట్టు కనిపిస్తుంది, తర్వాత గీసినది దాని కిందుగా దూరి వెళ్లినట్టుంటుంది. మొదటి గీతలోని మసి, జిగురు కాగితపు నారల్లోకి వెళ్లి చోటు ఆక్రమించుకుంటాయి. రెండోసారి వచ్చిన సిరాకు అక్కడ ఇంకే వీలు ఉండదు, పక్కలకు జరుగుతుంది. ఏ గీత ముందు పడిందో, ఏది తర్వాతదో ఈ గుర్తు పట్టుకుని చెప్పవచ్చు. అచ్చంగా నల్లరంగు పులిమిన చిత్రంలో ఈ వరస దొరకదు.

షినోదా జీవితంలో ఈ సిరా స్వభావం పెద్ద నిర్ణయమే చేసింది. 1956లో ఆమె అమెరికా వెళ్లారు, 1958 వరకు వీసా పొడిగించుకుంటూ అక్కడే ఉన్నారు, ప్రదర్శనలు జరిగాయి, పేరు వచ్చింది. కానీ న్యూయార్క్ పొడిగాలిలో సిరా పాకేలోపే ఆరిపోయేది. జపాన్ తేమ తన పనిలో ఎంత భాగమో అక్కడ తెలిసి, ఆమె తిరిగి వచ్చేశారు. కళాచరిత్రలో ఇలాంటి కారణాలకు దక్కవలసినంత చోటు దక్కదని నా ఫిర్యాదు. ఉద్యమాల గురించి పేజీలకు పేజీలు రాస్తారు, గాలిలో తేమ గురించి ఒక్క వాక్యం రాయరు.

అక్షరం ఎప్పుడు బొమ్మ అవుతుంది

కుంచెరాతను జపాన్‌లో షో అంటారు. అది కళేనా అన్న పేచీ పాతది. 1882లో కొయామా షోతారో అనే చిత్రకారుడు రాత కళ కాదని వ్యాసం రాస్తే, కళాచింతకుడు ఒకాకురా తెన్షిన్ దానికి ఘాటుగా బదులిచ్చారు. పాశ్చాత్య పద్ధతిలో కళలను వర్గాలుగా విడదీసినప్పుడు రాతకు ఏ అరా దొరకలేదు. చదవడానికి పనికొచ్చే వస్తువు కాబట్టి అది కళ కాదన్నారు. ప్రభుత్వ ప్రాపకంతో పుట్టిన పెద్ద వార్షిక ప్రదర్శన నిత్తెన్‌లో రాతకు ప్రత్యేక విభాగం 1948లో గానీ దక్కలేదు.

ఈలోగా రాసేవాళ్లలోనే తిరుగుబాటు మొదలైంది. 1945లో హిదాయ్ నన్‌కోకు మెరుపుకు సంబంధించిన ప్రాచీన అక్షరాన్ని తీసుకుని, చదవడానికి వీల్లేనంతగా దాన్ని విప్పేశారు. 1952 జనవరిలో క్యోటోలోని ర్యోఆన్‌జి ఆలయంలో మొరీతా షిర్యూ, ఇనోవే యుయిచి సహా ఐదుగురు కలిసి బొకుజిన్‌కాయ్ అనే బృందాన్ని స్థాపించారు. గురువులను అనుకరించే పద్ధతి నుంచి, ప్రదర్శన సంఘాల పెద్దరికం నుంచి బయటపడాలన్నది వారి పట్టుదల.

బయటపడ్డాక ఎంతదూరం పోవాలన్న దగ్గరే అభిప్రాయాలు చీలాయి. నది అన్న అక్షరాన్నే తీసుకుందాం. దానికి మూడు నిలువుగీతలు. ఎడమది ముందు, నడిమిది తర్వాత, కుడిది చివర. ఈ వరస చిన్నప్పుడే ప్రతివారి చేతికీ అలవాటవుతుంది. మొరీతా వాదం ప్రకారం ఆ వరసే రాతకు ప్రాణం. చూసేవాడు తన చేతితో మనసులోనే ఆ అక్షరాన్ని తిరిగి రాసుకోగలడు, రాసినవాడి కదలికలో పాలుపంచుకోగలడు. అక్షరాన్ని తీసేస్తే మిగిలేది అలంకారపు గీత మాత్రమేనని ఆయన భయం. అందుకే ఎంత గుర్తుపట్టలేనట్టు రాసినా ఆయన అక్షరాన్ని వదలలేదు.

షినోదా అదే నది అక్షరాన్ని ఇంకో వైపు నుంచి చూశారు. నదిని చూపడానికి మూడే గీతలు ఎందుకు? లెక్కలేనన్ని ఎందుకు గీయకూడదు, లేదా ఒక్కటే గీసి ఎందుకు ఊరుకోకూడదు? గీతల సంఖ్య ముందే ఖరారై ఉండటం ఆమెకు గోడలా అనిపించింది. అక్షరం నుంచి బయటికి రావడానికి ఆమె స్వయంగా చెప్పుకున్న కారణం ఇదే.

ఇనోవే కథ ఈ రెంటికీ మధ్యది, నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది. బడిపంతులుగా పనిచేసిన ఈయన 1955 ప్రాంతంలో అక్షరాన్ని పూర్తిగా వదిలేశారు. సుమిని కూడా పక్కన పెట్టి ఎనామెల్ రంగుతో, కాగితం మీద ఏ అర్థమూ లేని నల్లటి గీతలు వేశారు. చూడటానికి అచ్చమైన నైరూప్య చిత్రాలే. కానీ కొద్దికాలానికే తిరిగి అక్షరానికి వచ్చేశారు. 1957లో బ్రెజిల్‌లోని సావో పాలో ద్వైవార్షిక ప్రదర్శనలో ఆయనకు పేరు తెచ్చినది రెండక్షరాల రాతే. ఆ తర్వాత పేదరికం అన్న ఒక్క అక్షరాన్ని మళ్లీ మళ్లీ, ఒళ్లంతా కదిలించి రాశారు. 1945 మార్చి 10న టోక్యో మీద జరిగిన బాంబుదాడిలో తాను పనిచేసే బడిలో చావు అంచులదాకా వెళ్లివచ్చిన మనిషి ఆయన. 1978లో ఆ రాత్రి గురించి రాసిన పెద్ద కాగితంలో అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతుంటాయి. ఏం జరిగిందో చెప్పవలసి వచ్చినప్పుడు ఆయనకు మాటలు కావలసివచ్చాయి.

కాబట్టి ఏమని రాసి ఉందన్న మొదటి ప్రశ్నకు జవాబు ఎవరి చిత్రమన్నదాన్ని బట్టి మారుతుంది. మొరీతా, ఇనోవేల పనిలో దాదాపు ఎప్పుడూ ఏదో రాసే ఉంటుంది, చదవగలిగితే చదవవచ్చు. షినోదా నైరూప్య చిత్రాల్లో చాలావాటికి చదివే పని లేదు. అయితే ఆమె రాతకు పూర్తిగా స్వస్తి చెప్పలేదు. పాత కవితలను అక్షరాలు కలిసిపోతూ సాగే సన్నని జాలువారు లిపిలో జీవితమంతా రాస్తూనే ఉన్నారు, కొన్ని చిత్రాల్లో నల్లపట్టీల పక్కన ఆ పంక్తులూ కనిపిస్తాయి. ఇంకో మాట. ఆ జాలువారు లిపిని నేటి జపాన్ పాఠకుల్లో చాలామంది కూడా చదవలేరు. మనం ఒక్కరమే బయట నిలబడి చూస్తున్నామని బాధపడనక్కర్లేదు.

అమెరికాతో వచ్చిన పేచీ

1951 జూన్‌లో మొరీతా బొకుబి అనే పత్రిక మొదలుపెట్టారు. కుంచెరాతకు అంకితమైన ఆ పత్రిక తొలి సంచిక ముఖచిత్రం ఒక అమెరికన్‌ది. న్యూయార్క్ చిత్రకారుడు ఫ్రాంజ్ క్లైన్ వేసిన నలుపు తెలుపుల చిత్రం. శిల్పి ఇసాము నొగుచి ద్వారా ఆ ఫోటోలు జపాన్‌కు చేరాయి, చిత్రకారుడు హసెగావా సబురో వాటి గురించి ఉత్సాహంగా రాశారు. సముద్రానికి అటువైపు కూడా తమలాంటివారే ఉన్నారన్న సంతోషం వారిది. కొంతకాలం ఉత్తరాలు నడిచాయి. 1954లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం జపాన్ కుంచెరాతల ప్రదర్శన పెట్టింది, షినోదా రచనలూ అందులో ఉన్నాయి.

ఆ తర్వాతే పేచీ బిగుసుకుంది. అమెరికన్ విమర్శకుడు క్లెమెంట్ గ్రీన్‌బర్గ్ 1955లో రాసిన వ్యాసంలో క్లైన్ తదితరుల నలుపు తెలుపులకు తూర్పు దేశాల రాత మూలం కాదన్నారు. క్లైన్ కూడా ఆ పోలిక నుంచి దూరం జరిగారు. తెల్ల కాన్వాసు మీద నల్లగుర్తు వేస్తానని జనం అనుకుంటారు, నిజానికి తెలుపును కూడా నలుపుతో సమానంగా వేస్తానని ఆయన వివరణ.

ఈ వివరణను తోసిపుచ్చలేం. క్లైన్ చిత్రాన్ని దగ్గరగా చూస్తే నల్లపట్టీ అంచులను తెల్లరంగు కోసేసి ఉంటుంది. కొన్నిచోట్ల నలుపు మీదికి తెలుపు, మళ్లీ దాని మీదికి నలుపు ఎక్కి ఉంటాయి. చవకైన ఇంటిగోడల రంగులు వాడేవారు. టెలిఫోను డైరెక్టరీ కాగితాల మీద చిన్న చిత్తులు వేసుకుని వాటిని పెద్దవి చేసుకునేవారు. ఒక్క విసురులో పుట్టినట్టు కనిపించే రూపం వెనుక ముందస్తు నమూనా, దిద్దుబాట్లు ఉన్నాయి. షినోదా చిత్రంలో తెలుపు ఎవరూ వేసింది కాదు, సిరా చేరని కాగితం అది. పక్కపక్కన పెడితే రెండూ కవలల్లా ఉంటాయి, తయారైన తీరు మాత్రం తలకిందులు.

అంతమాత్రాన ప్రభావం లేదనీ అనలేం. మార్క్ టోబీ అనే అమెరికన్ చిత్రకారుడు 1934లోనే క్యోటోలోని జెన్ మఠంలో కొంతకాలం ఉండి కుంచెరాత నేర్చుకున్నారు, ఆ తర్వాత ఆయన గీత మారిపోయింది. అటు నుంచి చూస్తే, ఇనోవే ఎనామెల్ డబ్బా తెరవడానికి అమెరికన్ చిత్రాల ఫోటోలు ధైర్యమిచ్చి ఉండవచ్చు. తన పనిలో ఉన్నదాన్నే ఎదుటివారిలో గుర్తుపట్టి ముచ్చటపడటం వేరు, ఎదుటివారి నుంచి తీసుకోవడం వేరు. బొకుబి పత్రికలో మొదటిది బాహాటంగానే జరిగింది, రెండోది ఎంత జరిగిందన్నది ఒక్కో చిత్రకారుడి విషయంలో విడిగా తేల్చవలసినది. అయితే ఒక సంగతి మరచిపోకూడదు. యుద్ధంలో ఓడి, అమెరికా సేనల పాలనలో ఉన్న దేశం నుంచి వచ్చిన కళాకారులు ఎవరి నుంచి ఏం నేర్చుకున్నారో ఒప్పుకోవడానికి సిగ్గుపడలేదు. అప్పుడే ప్రపంచ కళకు కేంద్రంగా ఎదుగుతున్న న్యూయార్క్‌కే తన సొంతదనం నిరూపించుకోవలసిన అవసరం ఎక్కువైంది.

జెన్ అన్న మాటను ఎంతవరకు నమ్మాలి

నలుపు తెలుపుల జపాన్ చిత్రం కనబడగానే శూన్యం, మౌనం, జెన్ అనేయడం పరిపాటి. ఆచార్య నాగార్జునుడిని జెన్ సంప్రదాయం తన 14వ గురువుగా లెక్కిస్తుంది. కృష్ణా తీరంలో ఆయన పేరుతోనే కొండ ఉన్న మనకు ఈ మాట మరీ దగ్గరగా అనిపిస్తుంది. జాగ్రత్త అవసరమైనది అందుకే.

మొరీతా విషయంలో జెన్ ప్రస్తావన సబబే. జెన్ తత్వవేత్త హిసమత్సు షిన్‌ఇచితో ఆయనకు సాన్నిహిత్యం ఉంది, తన రచనల్లో ఆ పరిభాషను నేరుగా వాడారు. షినోదా దారి వేరు. ఆమె పునాది ఆస్థాన కవితల కాలం నాటి సన్నని లిపిలో, ప్రాచీన పద్యాల్లో ఉంది. వెండిరేకు, సింధూరం కూడా ఆ అలంకార సంప్రదాయానికి దగ్గరివే. ఆమె చిత్రాలకు జెన్ చీటీ అతికించడం అమ్మకానికి పనికొస్తుందేమో గానీ చిత్రాన్ని చూడటానికి పనికిరాదు.

ఒక్క విసురులోనే పుడతాయా

ఇంతవరకు చెప్పిన సిరా లెక్క ప్రకారం ఈ చిత్రాలన్నీ క్షణాల్లో పుట్టాలి. అక్కడే ఇంకో మెలిక ఉంది.

ఒసాకా ప్రాంతంలో 1954లో పుట్టిన గుతాయ్ అనే కళాకారుల బృందానికి నాయకుడు యోషిహారా జిరో. 1960ల నుంచి ఆయన నల్లనేల మీద తెల్లవలయం, తెల్లనేల మీద నల్లవలయం వేస్తూ వచ్చారు. జెన్ సన్యాసులు ఒక్క ఊపిరిలో గీసే వలయం గుర్తుకు రాక మానదు. నాన్‌తెన్‌బో అనే సన్యాసి రాతలంటే యోషిహారాకు ఇష్టం కూడా. కానీ ఆయన వలయాల్లో చాలావాటి అంచులు నింపాదిగా, రంగు నింపుకుంటూ, సరిచేసుకుంటూ తీర్చినవి. ఒక్క విసురులా కనిపించడం కోసం ఎంతోసేపు పనిచేశారు. దీన్ని మోసమనే వారున్నారు. నేను అనను: వలయం ఎలా పుట్టిందన్నది కాక, వలయానికీ నేలకూ మధ్య ఏ అంచు ఉండాలన్నదే ఆయన పట్టించుకున్న విషయం.

అదే బృందంలో చేరిన మత్సుతాని తకెసదా మరీ దూరం వెళ్లారు. 1937లో ఒసాకాలో పుట్టి, 1966లో పారిస్ చేరిన ఈయన 1970ల్లో పెన్సిలు పట్టుకున్నారు. పది మీటర్ల పొడవైన కాగితం పరచుకుని దాన్నంతా గ్రాఫైట్‌తో గీసి గీసి నింపారు. మధ్యలో సన్నటి తెల్లచారను మాత్రం తాకకుండా వదిలారు. ప్రవాహం అన్న పేరుతో సాగిన ఈ వరసలో నలుపు అంటే చెయ్యి అరిగేదాకా పేర్చిన వేలాది చిన్న గీతలు. దగ్గరికి వెళితే అది మెరుస్తుంది, మసి సిరాలా వెలుతురును మింగదు. తయారీలో విసురన్నది లేదు, ఓర్పే ఉంది.

కనుక నలుపు తెలుపుల జపాన్ చిత్రకళ అని ఒకే మాటగా అనుకున్నదాంట్లో కనీసం మూడు పనులు కలిసిపోయి ఉన్నాయి: దిద్దడానికి వీల్లేని సిరా, నింపాదిగా తీర్చిన రంగు, రోజుల తరబడి పేర్చిన పెన్సిలు. ఫోను తెరమీద మూడూ ఒకేలా కనిపిస్తాయి.

నాలుగు గీతలకు అంత పేరా అన్నవారికి

ఈ సందేహాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం నాకు నచ్చదు. తక్కువ గీతలతో వేసే చిత్రంలో దాచుకోవడానికి చోటు లేదన్నది అభిమానుల వాదం. ఒక గీత బలహీనమైతే చిత్రంలో నాలుగో వంతు పోయినట్టే. సరిగ్గా ఆ కారణం వల్లే ఈ శైలిని పైపైన అనుకరించడం సులువన్నది ఎదుటివారి వాదం. పెద్ద కార్యాలయాల ముందుగదుల్లో, హోటల్ గోడల మీద సోఫాకు జతగా వేలాడే నల్లగీతలు చాలా ఉన్నాయి, వాటిని చూసి విసిగినవారికి అసలువాటి మీద కూడా అనుమానం రావడం సహజం.

తేడా తెలుసుకోవడానికి సిరాయే సాక్షి. గీత మొదలైనచోట, ఆగినచోట, దాటినచోట చూడాలి. షినోదా వెడల్పు పట్టీల్లో అంచు ఒకవైపు కత్తితో కోసినట్టు, రెండోవైపు నీరుపట్టి మెత్తగా ఉండటం కనిపిస్తుంది. ఒకే లాగుడులో కుంచె ఒక అంచున చిక్కని సిరా, మరో అంచున నీళ్లు మోస్తే అలా వస్తుంది. ఆమె చెయ్యి గోడంత విస్తీర్ణానికి కూడా నిలిచింది. తాంగే కెంజో వంటి భవన నిర్మాణకర్తలతో కలిసి పనిచేశారు, టోక్యోలోని జోజోజి ఆలయానికి పెద్ద గోడచిత్రాలు వేశారు.

ఇక దిద్దలేని, తిరిగి వేయలేని గీతే ఈ కళకు ప్రాణమని ఒప్పుకున్నవారిని కూడా ఆమె ఇబ్బంది పెట్టారు. 1960 ప్రాంతం నుంచి ఆమె లితోగ్రాఫులు, అంటే రాతి అచ్చు పద్ధతిలో ముద్రించే చిత్రాలు చేశారు. ముద్రాపకుడు కిమురా కిహాచి దశాబ్దాల పాటు ఆమెతో పనిచేశారు. ఒకే గీత పదుల కాగితాల మీద అచ్చవుతుంది, అంటే తిరిగి రానిదనుకున్నది తిరిగి వచ్చినట్టే. అయితే అచ్చయిన కాగితాలను అలాగే వదలకుండా, చాలావాటి మీద ఆమె సిరాతోనో రంగుతోనో చేత్తో ఒక గీత చేర్చేవారు. ఒకే అచ్చుకు చెందిన రెండు కాగితాలు పక్కపక్కన పెడితే నల్లపట్టీలు ఒక్కలాగే ఉంటాయి, ఆ చిన్నగీత మాత్రం ఒకదాంట్లో కాస్త పొడుగు, ఇంకోదాంట్లో కాస్త పొట్టి. మ్యూజియంలు వీటిని అచ్చుచిత్రాల కింద నమోదు చేస్తాయి, చేత్తో వేసిన గీత సంగతిని వివరాల్లో చివర రాస్తాయి.